ఎల్మర్ కీత్, ఆయన .44 రివాల్వరు

ఆయుధాల పుస్తకాలు తిరగేసే అలవాటున్న ఫౌజీలకు ఎల్మర్ కీత్ పేరు కొత్త కాదు. మిగతావారికి ఒక్క ముక్కలో చెప్పాలంటే, .44 మాగ్నం అనే రివాల్వరు తూటా పుట్టడానికి ముప్ఫై ఏళ్ళ పాటు పట్టు విడవకుండా పోరిన మనిషి. ఇంజనీరు కాదు, పెద్ద చదువులు చదవలేదు. పశువులు తోలి, గుర్రాలను మచ్చిక చేసి, వేటకొచ్చిన వాళ్ళకు కొండల్లో దారి చూపించి పొట్ట పోసుకున్న అమెరికన్ కౌబాయ్. సర్వీసంతా ఆర్మరర్ ట్రేడులో చిన్న ఆయుధాల మధ్యనే గడిపిన నాకు ఈయన గురించి రాయాలని చాలాకాలంగా ఉంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేటకు చోటు లేదు, ఉండకూడదు కూడా. నేను చెప్పబోయేది వేట గొప్పతనం కాదు. ఒక పెద్ద తూటా ఎందుకు, ఎలా తయారైందన్నదే.

కీత్ 1899 మార్చి 8న మిస్సోరి రాష్ట్రంలోని హార్డిన్ అనే ఊళ్ళో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం పడమటి వైపు మోంటానాకి వలస వెళ్ళింది. పన్నెండేళ్ళ వయసులో మిసూలా పట్టణంలో వాళ్ళు దిగిన బస అంటుకుని ఒళ్ళంతా కాలింది. ఎడమ చెయ్యి వంకరపోయి అలాగే అతుక్కుపోయింది. డాక్టర్లు ఆశ వదిలేస్తే, ఈ కుర్రాడు ఇంట్లోవాళ్ళ చేతనే ఆ చేతిని విరిపించుకుని, చెక్కకు కట్టించుకుని తిన్నగా చేయించుకున్నాడు. మత్తుమందు లేకుండా ఇలాంటివి ఎలా భరించాడో ఊహించుకోవడమే కష్టం. ఆ చేతితోనే తర్వాత గుర్రం ఎక్కాడు, తాడు విసిరాడు, నేషనల్ గార్డ్ జట్టులో క్యాంప్ పెర్రీ రైఫిల్ పోటీలకు కూడా వెళ్ళాడు.

ఆయన పెరిగే రోజుల్లో అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన ముసలివాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని పాత క్యాప్ అండ్ బాల్ రివాల్వర్ల సంగతులు విన్నాడు. కౌబాయ్‌కి రివాల్వరు ఎందుకంటే సినిమాల్లో చూపించినట్టు మనుషులను కాల్చడానికి కాదు. కాలు రికాబులో ఇరుక్కుని గుర్రం రాళ్ళ మీద ఈడ్చుకుపోతుంటే దాన్ని ఆపాలి. ఎద్దు పొడవడానికి వస్తే ఒక్క దెబ్బతో పడగొట్టాలి. అప్పుడు రైఫిలు జీనుకి వేలాడుతూ ఉంటుంది, చేతికి అందదు. మన దేశంలో ఏనుగు అంబారీ మీద పులివేటకు వెళ్ళిన దొరలు రెండు గొట్టాల పెద్ద పిస్టల్ దగ్గర పెట్టుకునేవారు. దాన్నే హౌదా పిస్టల్ అన్నారు. పులి ఏనుగు మీదకి ఎగబాకినప్పుడు ఆఖరి దిక్కు అది. కీత్ ఆలోచన కూడా అదే కోవలోది.

మొదట్లో ఆయన చేతిలో ఉన్నది 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్, .45 బోరు. దాని దెబ్బ చాలదనిపించి రైఫిల్ కోసం పోసిన 300 గ్రెయిన్ల గుండును, మెత్తగా నూరిన నల్లమందును తూటాలో దట్టించాడు. 1925 జూలై 4న, వాళ్ళ స్వాతంత్ర్య దినం రోజున, పేలుస్తుంటే రివాల్వరు చేతిలోనే పగిలిపోయింది. సిలిండరు పైభాగం, దాని మీదుండే ఫ్రేము పట్టీ ఎగిరిపోయాయి. మనిషికి ఏమీ కాకపోవడం అదృష్టం.

ఇక్కడే ఆయన అసలు బుర్ర పనిచేసింది. పగిలిన ముక్కలను చూసి, లోపం మందులో మాత్రమే కాదని గ్రహించాడు. సిలిండరు బయటి కొలత ఒక్కటే. అందులో ఆరు చాంబర్లు తొలవాలి. తూటా లావయ్యేకొద్దీ చాంబరుకీ చాంబరుకీ మధ్య ఇనుము పలచబడుతుంది. .45కి బదులు .44 స్పెషల్ తొలిస్తే గోడ కాస్త మందంగా మిగులుతుంది. అసలు .44 అనేది పేరుకే, గుండు కొలత .429 అంగుళం, అంటే 10.9 మిల్లీమీటర్లు. వెంట్రుకవాసి తేడాలా కనిపిస్తుంది గానీ ప్రెజరు దగ్గర ఆ కొద్ది ఇనుమే ప్రాణం కాపాడుతుంది. అప్పటినుంచి కీత్ .44 మనిషి అయిపోయాడు.

.44 స్పెషల్ 1907 ప్రాంతంలో వచ్చిన తూటా. కంపెనీవాళ్ళు అందులో 246 గ్రెయిన్ల గుండ్రటి ముక్కు గుండు పెట్టి సెకనుకు 755 అడుగుల వేగంతో వదిలేవారు. గ్రెయిన్ అంటే మన కుర్రవాళ్ళకు అర్థం కాకపోవచ్చు. పాత కంసాలి లెక్కలో తులానికి సరిగ్గా 180 గ్రెయిన్లు. కాబట్టి ఈ గుండు తులమున్నరకు కాస్త తక్కువ. మనం రేంజిలో కాల్చే 9 ఎంఎం గుండు 115 గ్రెయిన్లు, తులంలో మూడింట రెండు వంతులు కూడా లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ అధికారులు నడుముకి కట్టుకున్న .455 వెబ్లీది తులమున్నర గుండే, కానీ వేగం 600 అడుగుల పైచిలుకు మాత్రమే.

కీత్ గుండు ఆకారమే మార్చేశాడు. ముక్కు చదును చేశాడు, దాని కింద పదునైన భుజం పెట్టాడు, జిడ్డు పట్టడానికి లోతైన గాడి తీశాడు. గుండ్రటి ముక్కు కండను పక్కకి తోసుకుని దూరిపోతుంది, చిన్న కన్నం చేస్తుంది. చదును ముక్కు కండను కోసుకుంటూ పోతుంది, నెత్తురు త్వరగా కారుతుంది, జంతువు ఎక్కువసేపు బాధపడకుండా పడిపోతుంది. ఈ 250 గ్రెయిన్ల గుండుకు అచ్చు తయారై 429421 అనే నంబరుతో అమ్మకానికి వచ్చింది. దాన్ని ఆయన 1200 అడుగుల వేగానికి తీసుకెళ్ళాడు. బరువు దాదాపు అంతే, వేగం ఒకటిన్నర రెట్లు దాటింది. వేగం వర్గంతో శక్తి పెరుగుతుంది కదా, లెక్కవేస్తే 310 ఫుట్ పౌండ్ల దగ్గరున్నది 800కి చేరింది.

ఈ రోజుల్లోనే పెన్సిల్వేనియా నుంచి హెరాల్డ్ క్రాఫ్ట్ అనే ఆసామి కీత్ రాతలు నమ్మలేక, ఒరెగాన్‌లో ఆయన ఉంటున్న డర్కీకి పెట్టెనిండా రివాల్వర్లతో దిగబడ్డాడు. 700 గజాల దూరంలో గురిపెట్టి కాల్పించి చూసి, స్నేహితుడై వెళ్ళాడు. ఇద్దరి ఆలోచనలు కలిపి తయారుచేయించినదే ఐదో నంబరు రివాల్వరు. దాని గురించి కీత్ 1929లో అమెరికన్ రైఫిల్‌మన్ పత్రికలో రాశాడు. ఆయన రాత తప్పులతడక అంటారు. ఎడిటర్లు సరిదిద్దుకునేవారు. అయినా పాఠకులు ఎగబడి చదివారంటే అందులో చేత్తో చేసి చూసిన సరుకుంది కాబట్టే.

1935లో స్మిత్ అండ్ వెస్సన్ .357 మాగ్నం తెచ్చింది. ఆ తయారీ వెనక కీత్ ప్రయోగాలు, ఫిలిప్ షార్ప్ ప్రయోగాలు రెండూ ఉన్నాయి. 158 గ్రెయిన్ల గుండు, పొడవు బ్యారెల్‌లో 1500 అడుగుల వేగం. శక్తి లెక్కలో ఇది కీత్ .44కి సమానం. కంపెనీకి చెందిన డగ్లస్ వెస్సన్ దాంతో ఎల్క్, మూస్ వంటి భారీ జింకజాతి జంతువులను కొట్టి చూపించాడు. కీత్ మాత్రం ఒప్పుకోలేదు. తులం కూడా లేని గుండు ఎంత వేగంగా పోయినా పెద్ద జంతువు ఎముక దగ్గర ఆగిపోతుందని ఆయన వాదన. కాగితం మీద అంకెలు సమానమైనంత మాత్రాన దెబ్బ సమానం కాదన్నది నేనూ ఒప్పుకుంటాను.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ ఆర్సెనల్‌లో ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. ఆయన పాస్ చేసిన రైఫిళ్ళ కర్ర మీద ఊరిపేరు, తన పేరు కలిపి నాలుగక్షరాల ముద్ర ఉంటుంది. ఒక ఆర్మరర్‌గా ఆయన జీవితంలో నాకు నచ్చిన భాగాల్లో ఇదొకటి, దీని గురించి రాసేవాళ్ళు తక్కువ.

యుద్ధం అయ్యాక మళ్ళీ కంపెనీల వెంట పడ్డాడు. 250 గ్రెయిన్లు, 1200 అడుగులు, అంతే ఆయన అడిగింది. కంపెనీల భయం వేరే. వేడి రౌండును ఎవరైనా బీరువాలోని తాత కాలం .44 స్పెషల్‌లో పెడితే అది పగిలి చెయ్యి పోతుంది. చివరకు రెమింగ్టన్ వాళ్ళు తూటా గొట్టాన్ని అంగుళంలో ఎనిమిదో వంతు పొడవు పెంచారు. కొత్త రౌండు పాత చాంబరులో పూర్తిగా దిగదు, సిలిండరు మూతపడదు. పాత రౌండు కొత్త రివాల్వరులో మాత్రం హాయిగా పేలుతుంది. ఎంత సులువైన ఏర్పాటో చూడండి. సేఫ్టీ బోధించేటప్పుడు నేను చెప్పే ఉదాహరణల్లో ఇది ముందుంటుంది. 1956 మొదట్లో .44 మాగ్నం బయటికి వచ్చింది. 240 గ్రెయిన్లు, 1400 అడుగులకు పైనే, అంటే అడిగినదానికన్నా ఎక్కువే ఇచ్చారు. స్మిత్ అండ్ వెస్సన్ తర్వాత దానికి మోడల్ 29 అని నంబరిచ్చింది. అదే ఏడాది రూగర్ కూడా బ్లాక్‌హాక్ దింపింది. కంపెనీ గుండు ఆయనకు పూర్తిగా నచ్చలేదు, తన అచ్చు గుండునే వాడుకున్నాడు. నాలుగంగుళాల .44ని రోజూ నడుముకి కట్టుకునే తిరిగాడు.

ఇక 600 గజాల కథ. తోటి వేటగాడు రైఫిలుతో గాయపరచిన మ్యూల్ డీర్ ఒకటి కుంటుతూ తప్పించుకుపోతుంటే, కీత్ ఆరున్నర అంగుళాల బ్యారెల్ ఉన్న .44తో అంత దూరం నుంచి కాల్చి దాన్ని కొట్టానని రాశాడు. అబద్ధాలకోరు అని ముద్ర వేసినవాళ్ళు చాలామంది. నేను నమ్ముతాను. ముందు మక్కీని ఎత్తిపట్టి, దాని కొసన జంతువును కూర్చోబెట్టి కాల్చడం ఆయన పద్ధతి. ఆ మక్కీ మీద దూరాలకు గుర్తుగా బంగారు గీతలు కూడా వేయించుకున్నాడు. మొదటి గుండ్లు పడిన చోటు దుమ్ము చూసి సరిచేసుకున్నాడు. గాయపడ్డ జంతువును వదిలేయకూడదు కాబట్టే కాల్చాడు. కానీ బాగున్న జంతువు మీద ఎవరైనా అదే ప్రయత్నం చేస్తే దాన్ని వేట అనను.

జాక్ ఓకానర్ అనే మరో రచయితతో ఆయన వైరం ప్రసిద్ధం. ఓకానర్ .270 రైఫిలు, తేలిక గుండు, వేగం అంటాడు. కీత్ లావు బోరు, బరువు గుండు అంటాడు. చదువుకున్న ప్రొఫెసరుకీ పెద్ద టోపీ, చుట్టతో తిరిగే కౌబాయ్‌కీ మధ్య పోట్లాట కాబట్టి పత్రికలకు పండగే. ఎవరు తిరిగిన నేలనుబట్టి వాళ్ళ మాట అని నాకనిపిస్తుంది.

1964లో బిల్ జోర్డాన్, స్కీటర్ స్కెల్టన్‌లతో కలిసి .41 మాగ్నం తెప్పించాడు. 210 గ్రెయిన్లు, .357కీ .44కీ నడుమ. పోలీసుల కోసమని అడిగారు, కానీ రివాల్వరు బరువు ఎక్కువై పోలీసులు పెద్దగా తీసుకోలేదు. .44కి మాత్రం 1971లో డర్టీ హ్యారీ సినిమా వచ్చాక దుకాణాల్లో దొరకనంత గిరాకీ వచ్చింది.

1973లో అమెరికాలో ఉత్తమ హ్యాండ్‌గన్ షూటర్‌కిచ్చే అవార్డు మొట్టమొదట ఆయనకే ఇచ్చారు. 1979లో ఆత్మకథ వచ్చింది. 1981లో పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. 1984 ఫిబ్రవరి 14న ఐడహో రాష్ట్రంలోని బోయ్‌సీలో చనిపోయాడు.

ఆయన పోవడానికి ఏడాది ముందు, 1983లో, ఫ్రీడమ్ ఆర్మ్స్ వాళ్ళ .454 కసుల్ వచ్చింది, 260 గ్రెయిన్లు 1800 అడుగుల వేగంతో. 2003లో స్మిత్ అండ్ వెస్సన్ .500 మాగ్నం తెచ్చింది. అందులో 440 గ్రెయిన్ల గుండు, అంటే రెండున్నర తులాలకు దగ్గర, 1600 అడుగులు దాటి పోతుంది. పొడవు బ్యారెల్ రివాల్వరు బరువే రెండు కిలోలు. ఈ రెండింట్లోనూ ఆరు చాంబర్లు కాదు, ఐదే. గోడల మందం కోసమే ఒకటి తగ్గించారు. అలాస్కాలో ఎలుగుబంటి ఎదురైనప్పుడు .500 పనికొస్తుందేమో గానీ, దాని తన్నుకి రెండో రౌండు గురి చూసుకోవడం ఎంతమందికి సాధ్యమో నాకు సందేహమే. కీత్ అడిగిన 1200 అడుగుల రౌండును మామూలు మనిషి సాధన చేసి అదుపులో పెట్టుకోగలడు. ఇప్పటికీ చాలామంది .44 వాళ్ళు కంపెనీ వేడి రౌండు పక్కనపెట్టి ఆ వేగానికే తిరిగొస్తున్నారు. ఆయన ఆయుధాలు 2015లో వేలానికి వచ్చాయి, ఐదో నంబరు రివాల్వరు కూడా వాటితోపాటే వెళ్ళిపోయింది. చదును ముక్కు, పదును భుజం ఉన్న గుండును మాత్రం ఎవరు పోసినా జనం కీత్ గుండు అనే పిలుస్తున్నారు.