పాస్టరు గారింటి పనిపిల్ల

పసిపిల్లల బడి అనగానే మనకు ఫ్రోబెల్ పేరో, మాంటిస్సోరీ పేరో గుర్తొస్తుంది. టీచర్ ట్రైనింగు చదివినవాళ్ళయితే ఆ పేర్లు పరీక్ష కోసం బట్టీ కూడా పట్టి ఉంటారు. అలాంటి పుస్తకం చేతికొస్తే నేను వెదికేది మాత్రం ఇంకో పేరు. లూయీజ్ షెప్లర్. ఆమె ఒకరింట్లో పనిమనిషి!

ఫ్రాన్స్ తూర్పు సరిహద్దున, ఆల్సాస్ కొండల్లో బాన్ ద లా రోష్ అనే లోయ ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడంతా రాతి నేల, తెగని చలికాలం, సరైన రోడ్డయినా లేని పల్లెలు. పెద్దవాళ్ళు పనికి వెళితే పసివాళ్ళను చూసే దిక్కు లేదు. 1767లో ఆ లోయలోని వాల్డర్స్‌బాక్ చర్చికి ఓబెర్లిన్ అనే యువ పాస్టరు వచ్చాడు. జనాన్ని కూడగట్టి రోడ్లు వేయించాడు, వంతెన కట్టించాడు, మంచి బంగాళాదుంప విత్తనం తెప్పించాడు. అదంతా వేరే పెద్ద కథ.

దగ్గర్లోనే ఒక ఊళ్ళో సారా బాంజె అనే అమ్మాయి చుట్టుపక్కల పిల్లల్ని ఇంట్లో పోగేసి అల్లిక నేర్పుతుండేది. పైసా పుచ్చుకునేది కాదు. తండ్రికి అది నచ్చలేదు. సొంత పనులు వదిలేసి ఊరి పిల్లలతో నీకేమిటని ఆయన బాధ. ఆ తండ్రిని నేను తప్పు పట్టలేను. పేదింట్లో రెండు చేతులు తగ్గితే ఎలా ఉంటుందో మనకు తెలీదూ! పాస్టరు కూడా ఆయనకు నీతులు చెప్పలేదు. 1769లో సారాకు జీతమిచ్చి ఆ పనికే పెట్టుకున్నాడు. ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. పిల్లల్ని చూసుకోవడం కూడా పనే, దానికీ కూలి ఉంటుందని అప్పట్లోనే ఒకాయన ఒప్పుకున్నాడు. పాపం సారా ముప్ఫయ్యేళ్ళు నిండకుండానే, 1774లో పోయింది.

లూయీజ్ 1763లో బెల్‌ఫోస్ అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టింది. పదిహేనేళ్ళకే పాస్టరు గారింట్లో పనికి కుదిరింది. ఇంటి పని చేస్తూనే, మంచు పడుతున్నా పల్లెలకు వెళ్ళి పిల్లలకు చదువు చెప్పేది. చలికి తట్టుకోవాలిగా, పొయ్యి ఉన్న వెచ్చటి గదే బడి. కాస్త ఎదిగినవాళ్ళు మేజోళ్ళు అల్లుతుంటే చిన్నవాళ్ళు పక్కన ఆడుకునేవారు. చెట్ల బొమ్మలు, జంతువుల బొమ్మలు చూపించి ముందు ఊరి యాసలో పేరు చెప్పేవారు, తర్వాత ఫ్రెంచిలో. పాటలు, బైబిలు కథలు, పటాలు... ఎండ కాస్తే మొక్కలు ఏరడానికి షికార్లు!

1783లో పాస్టరు భార్య చనిపోయింది. లూయీజ్‌కప్పుడు పంతొమ్మిదేళ్ళు. తల్లిలేని ఏడుగురు పిల్లలు, ఇల్లు, బళ్ళు అన్నీ ఆమె నెత్తిన పడ్డాయి. పదేళ్ళు గడిచాక, 1793 కొత్త సంవత్సరం రోజున ఆమె పాస్టరుకు ఉత్తరం రాసింది. ఇకమీదట తనకు జీతం వద్దని, తననూ కన్నబిడ్డలా చూసుకుంటే చాలని దాని సారాంశం. ఆమె జీవితం రాసినవాళ్ళంతా ఇక్కడ పరవశించిపోతారు. నాకు మాత్రం మనసు కాస్త గుచ్చుకుంటుంది. ఆమె ప్రేమ నిజం, సందేహం లేదు. కానీ సారాకు జీతం ఇచ్చి మొదలెట్టిన పని మళ్ళీ ఉచిత సేవ దగ్గరికే వచ్చింది కదా! మన దేశంలో 1975లో మొదలైన అంగన్‌వాడీల్లో టీచర్లకు ఇచ్చేదాన్ని ఇప్పటికీ జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. గౌరవానికి లోటు లేదు, వేతనం దగ్గరే పేచీ.

1826లో ఓబెర్లిన్ మరణించాడు. ఆయన పిల్లలు తమతో సమానంగా వాటా ఇస్తామంటే లూయీజ్ వద్దంది. తన పేరు చివర ఆయన ఇంటిపేరు పెట్టుకోనిస్తే చాలంది. 1829లో ఫ్రెంచి అకాడమీ ఆమెకు మోంతియోన్ బహుమతి ఇచ్చింది. అయిదు వేల ఫ్రాంకులు! ప్రఖ్యాత శాస్త్రవేత్త క్యువియే ఆమె గురించి సభలో ప్రసంగించాడు. ఆ డబ్బునూ ఆమె బళ్ళకే పెట్టింది.

1837లో ఆమె కన్నుమూసింది. సరిగ్గా అదే ఏడు జర్మనీలో ఫ్రోబెల్ పసిపిల్లల కోసం తన సంస్థ తెరిచాడు. మరో మూడేళ్ళకు దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. వాల్డర్స్‌బాక్‌లో ఆమె అంట్లు తోమి, పిల్లల్ని పెంచిన ఆ పాస్టరు గారిల్లు ఇప్పుడు మ్యూజియం. గుమ్మం మీద ఉన్న పేరు ఓబెర్లిన్‌ది.