ఆరు చుక్కల మాస్టారు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా ఒక ఆవిష్కరణ వెనక కథ రాయమని సంపాదకవర్గంలోని మిత్రులు అడిగారు. ముప్పై ఏళ్ళకు పైగా సైన్సు చెప్పినవాణ్ణి కదా, ఏ ఎడిసన్ గురించో, గ్రాహంబెల్ గురించో రాస్తానని వాళ్ళు అనుకుని ఉంటారు. నాకు మాత్రం లూయీ బ్రెయిలీ తప్ప ఇంకో పేరు తోచలేదు. ఆయన కథ దాదాపు అంతా ఒక బడిలోనే జరిగింది. చదివింది అక్కడే, కొత్త లిపిని తయారుచేసింది అక్కడే, పాఠాలు చెప్పింది అక్కడే, చివరికి కన్నుమూసిందీ ఆ బడిలోనే. పూర్వ విద్యార్థుల సంచికలో చోటు ఇవ్వడానికి ఇంతకన్నా తగిన మనిషి నాకు దొరకడు.

రెండో కారణం మా బ్యాచి వాళ్ళకు తెలుసు. మా తరగతిలో మొదటి బెంచీలో, కిటికీ పక్కన కూర్చునే మిత్రుడికి చూపు లేదు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మేం వంతులవారీగా వాడికి సోషలు, తెలుగు పాఠాలు చదివి వినిపించేవాళ్ళం. ఒక్కసారి వింటే చాలు, వాడికి అంటుకుపోయేవి. ఎక్కాల్లో వాణ్ణి మించినవాడు లేడు. కానీ లెక్కలు వినడంతో అయ్యేవి కావు గదా. బీజగణితం మొదలయ్యాక తడబడ్డాడు, తొమ్మిదో తరగతి మధ్యలో బడికి రావడం మానేశాడు. మేం చాలా మంచిపని చేశామనే అనుకున్నాం. వాడు తన పాఠం తను చదువుకోవచ్చన్న ఊహ మాలో ఒక్కరికీ రాలేదు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది. బ్రెయిలీ జీవితం చదివాక అది కాస్త ఎక్కువైంది.

లూయీ 1809 జనవరి 4న పుట్టాడు. పారిస్‌కు తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కూప్‌వ్రే అనే పల్లె. తండ్రి గుర్రాలకు జీనులు, పట్టాలు కుట్టేవాడు. మూడేళ్ళ వయసులో లూయీ తండ్రి పనిగదిలో దూరి, తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె పట్టుకుని ఆడుతుంటే అది జారి కంట్లో గుచ్చుకుంది. ఆ కంటికి చీము పట్టింది, ఆ జబ్బు రెండో కంటికీ పాకింది. ఐదేళ్ళు వచ్చేసరికి పూర్తిగా చూపు పోయింది.

ఆ రోజుల్లో చూపులేని పిల్లవాడికి ఉన్న దారి చాలామటుకు బిచ్చమెత్తుకోవడమే. లూయీ అదృష్టం కొద్దీ తల్లిదండ్రులు అలా వదిలెయ్యలేదు. తండ్రి చెక్కమీద మేకులు కొట్టి, అక్షరాల ఆకారాలు చేసి కొడుకు చేత తడిమించాడని చెబుతారు. ఊళ్ళో చర్చి ఫాదరు, బడిపంతులు కూడా శ్రద్ధ తీసుకుని మామూలు పిల్లలతో పాటే కూర్చోబెట్టారు. వినే చదువే అయినా కుర్రాడు ముందుండేవాడు. అలా పదేళ్ళ వయసులో, 1819 ఫిబ్రవరిలో, పారిస్‌లోని అంధబాలల పాఠశాలలో చేరాడు.

ఆ బడిని వాలెంటిన్ హావీ అనే ఆయన అంతకు ముప్పై ఏళ్ళకు పైగా ముందు స్థాపించాడు. చూపులేని పిల్లలకు చదువు చెప్పవచ్చని లోకానికి చూపించిన మహానుభావుడు. తడిపిన మందపాటి కాగితాన్ని అచ్చుమీద అదిమి మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా వచ్చేటట్టు చేశాడు. పిల్లలు వేళ్ళతో తడిమి చదవాలి. ఒక్కో అక్షరం పెద్దది, ఒక్కో పుస్తకం మోయలేనంత బరువు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయేంత నెమ్మదిగా సాగేది. అన్నిటికన్నా పెద్ద లోపం ఇంకొకటి. ఆ పద్ధతిలో పిల్లవాడు కష్టపడి చదవగలడు గానీ తనంతట తను ఒక్క ముక్క రాసుకోలేడు. హావీ మనసు ఎంత మంచిదైనా ఆయన చేసిన అక్షరం కంటికోసం పుట్టిన అక్షరమే. దాన్నే వేలికి అప్పగించాడు.

1821లో షార్ల్ బార్బియే అనే మాజీ సైనికాధికారి ఇంకో పద్ధతి పట్టుకుని ఆ బడికి వచ్చాడు. దానికి రాత్రి రాత అని పేరు. చీకట్లో కూడా రాసి, తడిమి చదువుకునేందుకు వీలుగా గీతలు మానేసి చుక్కలు పెట్టాడు. ఫ్రెంచి భాషలోని 36 ధ్వనులను ఆరు వరుసలు, ఆరు నిలువుల పట్టికలో సర్దాడు. ఎడమవైపు చుక్కలు ఎన్నో వరుసో చెబుతాయి, కుడివైపు చుక్కలు ఎన్నో నిలువో చెబుతాయి. అంటే ఒక్క ధ్వనికి పన్నెండు దాకా చుక్కలు. పిల్లలకు ఇది చాలా నచ్చింది. గీతకన్నా చుక్క వేలికి బాగా తెలుస్తుందని తేలిపోయింది, పైగా చిన్న సూదిమొన సాధనంతో ఎవరికి వాళ్ళు రాసుకోవచ్చు.

లోపాలను పసిగట్టినవాడు పన్నెండేళ్ళ లూయీ. అంత పొడుగు గుర్తు వేలికొన కిందికి ఒక్కసారిగా రాదు, వేలు పైకీ కిందికీ తిరగాలి. కామాలు లేవు, అంకెలు లేవు, సంగీతం రాసే వీలు లేదు. స్పెల్లింగు అసలే లేదు, చెవికి వినబడిందే రాయాలి. మన తెలుగువాళ్ళకు ఇది లోపమని తట్టదు, మనం రాసేదీ పలికేదీ ఇంచుమించు ఒకటే కనుక. ఫ్రెంచిలో అలా కాదు. అక్షరాలు సగం రాతకే ఉంటాయి, నోట్లోకి రావు. స్పెల్లింగు రాకుండా చదువుకున్నవాడు చదువుకున్నవాళ్ళ మధ్య ఎప్పటికీ నిరక్షరాస్యుడే.

మూడేళ్ళు పట్టింది. రాత్రిళ్ళు పడకమీద, సెలవులకు కూప్‌వ్రే వెళ్ళినప్పుడు ఇంట్లో, కాగితం, మొన పెట్టుకుని ఒకటే పొడవడం. 1824 నాటికి, అంటే పదిహేనేళ్ళ వయసుకు, దారి దొరికింది. పన్నెండు చుక్కల్ని ఆరుకు తగ్గించాడు. రెండు నిలువులు, ఒక్కోదానిలో మూడు చుక్కలు. గడి మొత్తం ఒక్క వేలికొన కింద ఇమిడిపోతుంది. లెక్కల మాస్టార్లు గమనించాలి: ఒక్కో చుక్క ఉంటుంది, లేదా ఉండదు. రెండును ఆరుసార్లు హెచ్చిస్తే 64, ఖాళీ గడి తీసేస్తే 63 గుర్తులు. అక్షరాలకూ, విరామ చిహ్నాలకూ, అంకెలకూ, స్వరాలకూ అన్నిటికీ సరిపోయాయి. వాటిని పేర్చిన తీరు కూడా ముచ్చటైనది. మొదటి పది అక్షరాలు పై నాలుగు చుక్కలతోనే అయిపోతాయి. వాటికే అడుగున ఎడమచుక్క చేరిస్తే తర్వాతి పది వస్తాయి. గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి ఉండదు. పదిహేనేళ్ళ కుర్రాడికి ఇది ఎలా తట్టిందా అని నేను చాలాసార్లు అనుకున్నాను. వాడికి అది అవసరం, మనకు కాదు. అంతకన్నా జవాబు దొరకలేదు.

1829లో తన పద్ధతిని వివరిస్తూ పుస్తకం తెచ్చాడు. బార్బియే వేసిన దారి లేకపోతే తను లేనని అందులోనే చెప్పుకున్నాడు. అప్పటికే ఆ బడిలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు, 1833లో పూర్తిస్థాయి ఉపాధ్యాయుడయ్యాడు. ఆర్గన్ వాయించడంలో దిట్ట, పారిస్ చర్చిల్లో వాయించేవాడు. అయితే ఆ బడి భవనం పాతది, చెమ్మతో నిండినది. ఇరవై ఆరేళ్ళు వచ్చేసరికి క్షయ అంటుకుంది. అప్పుడు దానికి మందు లేదు.

పిన్యే అనే డైరెక్టరు ఉన్నంతకాలం పిల్లలు చుక్కల్లో రాసుకోవడానికి అడ్డు రాలేదు. 1840లో డుఫో అనే ఆయన డైరెక్టరయ్యాక బ్రెయిలీ లిపి మీద నిషేధం పడింది. డుఫోను విలనుగా చిత్రించడం నాకిష్టం లేదు. కళ్ళున్నవాళ్ళు చదవలేని లిపి ఈ పిల్లల్ని లోకం నుంచి ఇంకా దూరం చేస్తుందని ఆయన వాదన. పైకి సబబుగానే ఉంటుంది. కానీ ఆ వాదనలో సౌకర్యం ఎవరిదో చూడండి. చూపున్న ఉపాధ్యాయుడు కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు. నేనూ ఉపాధ్యాయుణ్ణే కనుక ఈ మాట అనే హక్కు నాకుంది. పిల్లలు మాత్రం మానలేదు. దొంగచాటుగా రాసుకున్నారు, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు నేర్పారు. కళ్ళతో కాపలా కాసేవాళ్ళకు చేతివేళ్ళు చేసే పని ఎక్కడ పట్టుబడుతుంది?

డుఫో మనసు మార్చినవాడు ఆయన సహాయకుడు గాదే. 1844 ఫిబ్రవరిలో కొత్త భవనం ప్రారంభోత్సవం జరిగింది. ఆ సభలో గాదే బ్రెయిలీ పద్ధతిని అందరి ముందూ వివరించాడు, పిల్లలు రాసి చదివి చూపించారు. దాంతో నిషేధం పోయింది. అదే బడి, అదే డైరెక్టరు. తప్పు దిద్దుకున్నందుకు ఆయనకు మార్కులు వెయ్యాలి.

ఈ మధ్యలో బ్రెయిలీ చేసిన ఇంకో పని ఎక్కువమందికి తెలియదు. చూపులేని పిల్లలు ఇంటికి ఉత్తరం రాస్తే అమ్మానాన్నలు చదవలేరు గదా. చుక్కలతోనే మామూలు అక్షరాల ఆకారాలు వచ్చేలా 1839లో ఇంకో పద్ధతి తయారుచేశాడు. దాన్ని తొందరగా కొట్టడానికి ఫూకో అనే అంధుడు ఒక యంత్రం కట్టాడు. హాస్టల్లో చదివి ఆదివారాలు ఇంటికి కార్డుముక్క రాసిన మన పూర్వ విద్యార్థులకు దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

1852 జనవరి 6న, నలభై మూడు నిండిన రెండో రోజున, బ్రెయిలీ ఆ బడిలోనే పోయాడు. తన గదిలో ఉన్న ఒక పెట్టెను తెరవకుండా కాల్చెయ్యమని చెప్పి పోయాడట. స్నేహితులు ఉండబట్టలేక తెరిచారు. లోపల చిన్న చిన్న కాగితాలు, ఆయన దగ్గర అప్పు తీసుకున్న విద్యార్థులు రాసిచ్చిన పత్రాలు. చాలీచాలని జీతంలోంచి ఇచ్చినవి. వాటిని వసూలు చెయ్యడానికి ఎవరూ ఉండకూడదని ఆయన కోరిక. చదివినవాళ్ళు అప్పుడు కాల్చేశారు.

రెండేళ్ళ తర్వాత, 1854లో, ఫ్రాన్సు ఆ లిపిని అధికారికంగా అంగీకరించింది. 1878లో పారిస్ సభ దాన్ని ప్రపంచానికి సిఫారసు చేసింది. మన భాషలకు 1951లో భారతి బ్రెయిలీ వచ్చింది. తెలుగు కూడా అందులోనే ఉంది. ఫ్రెంచివాడి మొదటి అక్షరం చుక్కే మన 'అ'. గుణింతాలు హల్లు నెత్తికెక్కవు, బుద్ధిగా పక్క గడిలో కూర్చుంటాయి. 1952లో, ఆయన పోయిన నూరేళ్ళకు, అస్థికలను పారిస్‌లో జాతి మహనీయులు ఉండే పాంథియన్‌కు తరలించారు. చేతులు మాత్రం కూప్‌వ్రే వాళ్ళు తమ ఊళ్ళోనే ఉంచుకున్నారు.

మా మిత్రుడి సంగతి చెప్పకుండా ఆపలేను. ఇరవై దాటాక ఒక శిక్షణ కేంద్రంలో చేరి బ్రెయిలీ నేర్చుకున్నాడు, డిగ్రీ కట్టాడు, టెలిఫోన్ ఆపరేటరుగా ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మొన్నటి మా బ్యాచి కలయికకు వచ్చినప్పుడు బ్రెయిలీ పలక, మొన నా చేతికిచ్చి నా పేరు రాయమన్నాడు. కాగితం వెనకవైపు నుంచి పొడవాలి గనక కుడినుంచి ఎడమకు, అక్షరాన్ని అద్దంలో బొమ్మలా తిరగేసి రాయాలి. అది విని కూడా నేను మామూలుగానే పొడిచాను. నా పేరు 'హ'తో మొదలు. తిరగేస్తే అది 'జ' అవుతుందట. వాడు కాగితం తిప్పి, వేలు ఆనించి, నేనెప్పుడు పేరు మార్చుకున్నానో చెప్పనే లేదేమని అడిగాడు. పక్కనున్నవాళ్ళంతా నవ్వుతుంటే కొత్త కాగితం బిగించి పలక మళ్ళీ నా ముందుకు తోశాడు.