పార పట్టిన శాంతివాది: పియెర్ సెరెసోల్

కొన్నేళ్ళ కిందట మన కాలేజీ ఎన్.ఎస్.ఎస్. వాలంటీర్లతో కలిసి ఒక పల్లెకు క్యాంపుకు వెళ్ళాను. ఏడు రోజులు చెమటోడ్చి చెరువు దాకా మట్టి రోడ్డు వేశాం. ఆ వానాకాలమే అది కాస్తా కొట్టుకుపోయింది. మరుసటి ఏడు మళ్ళీ అదే ఊరికి బయల్దేరదామంటే ఒక కుర్రాడు, మనం వెళ్ళకపోతే ఆ ఊరికి పోయేదేముంది మాస్టారూ అని అడిగేశాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కుంటుండగా నాకు తటస్థపడ్డ మనిషి పియెర్ సెరెసోల్. నేడు దేశదేశాల్లో యువతీయువకులు చేస్తున్న శ్రమదాన శిబిరాలకు దారి వేసినవారిలో ముందువరుసలో నిలిచే పేరు ఆయనది.

సెరెసోల్ 1879లో స్విట్జర్లాండులోని లొసాన్‌లో పుట్టాడు. తండ్రి పాల్ సెరెసోల్ 1873లో ఆ దేశానికి అధ్యక్షుడిగా పనిచేసినవాడు. కలిగిన ఇల్లు, పలుకుబడి గల వంశం. పియెర్ ఇంజనీరింగు, గణితం చదివి డాక్టరేటు కూడా పుచ్చుకున్నాడు. హాయిగా ప్రొఫెసరుగిరీ వెలగబెట్టవలసినవాడు, అవన్నీ కాదని అమెరికా, హవాయి, జపాన్ దేశాలు తిరిగాడు. కొన్నాళ్ళు చేతిపనులు చేశాడు, కొన్నాళ్ళు పాఠాలు చెప్పాడు, మరికొన్నాళ్ళు ఇంజనీరు కొలువు చేశాడు. తనకు సంక్రమించిన సొమ్ము తన కష్టార్జితం కాదు గనక దాన్ని ప్రభుత్వానికే ఇచ్చేశాడు.

1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. స్విట్జర్లాండు తటస్థ దేశమే అయినా అక్కడ ప్రతి మగవాడూ సైన్యంలో పనిచేయాలి, లేదా సైనిక పన్ను కట్టాలి. 1915లో ఒక బడిపంతులు, మనిషిని చంపే విద్య నేర్వనని చెప్పి జైలుకు వెళ్ళాడు. ఆ వార్త సెరెసోల్‌ను కుదిపేసింది. 1917లో తాను కూడా సైనిక పన్ను కట్టనన్నాడు, జైలు పాలయ్యాడు. అధ్యక్షుడి కొడుకు ఇలా చేయడమేమిటని పెద్దమనుషులు ముక్కున వేలేసుకున్నారు.

అయితే ఆయన కేవలం కాదనడంతో ఆగిపోలేదు, అదే ఆయన గొప్ప. సైన్యంలో ఉన్న క్రమశిక్షణ, త్యాగం, కష్టసహిష్ణుత ఆయనకు నచ్చేవి. నచ్చనిదల్లా వాటిని హత్యకు వాడడం. అందుచేత అంతే కష్టం, అంతే క్రమశిక్షణ గల మరో సేవను యువకుల ముందు పెట్టాలనుకున్నాడు.

1920లో హాలండులోని బిల్థోవెన్‌లో శాంతివాదుల మహాసభ జరిగింది. ఉపన్యాసాలు సాగాయి, తీర్మానాలూ అయ్యాయి. అప్పుడొక జర్మన్ ప్రతినిధి లేచి, మాటలు చాలించి ఏదైనా పని చేద్దామన్నాడట. సెరెసోల్ ఆ మాట పట్టుకున్నాడు. ఎక్కడికి వెళ్ళాలి? జర్మనీ, ఫ్రాన్సు ఒకదాన్నొకటి నరుక్కున్న చోటికే వెళ్ళాలి.

1916లో వెర్డన్ దగ్గర పది నెలల పాటు సాగిన పోరులో ఇరుపక్షాలా కలిసి సుమారు 3,00,000 మంది చనిపోయారు. కొన్ని ఊళ్ళు ఆనవాలు లేకుండా పోయి తిరిగి లేవనే లేదు. ఆ ప్రాంతంలోనే ఎస్న్ అనే చిన్న పల్లె ఉంది. ఇళ్ళు కూలి, పొలాల నిండా ఫిరంగిగుండ్ల గోతులు, ముళ్ళకంచెలు. 1920 నవంబరులో సెరెసోల్ గుప్పెడు మందితో అక్కడికి చేరాడు. వారిలో స్విస్‌వారు, ఒక ఆంగ్లేయుడు, నిన్నటి శత్రువులైన జర్మన్లూ ఉన్నారు. విచిత్రమేమిటంటే స్విస్ సైన్యంలో కల్నలైన ఆయన అన్నగారు ఎర్నెస్ట్ కూడా పార పుచ్చుకుని వచ్చాడు. తమ్ముడి వాదం ఆయనది కాదు, కానీ తమ్ముడి పని ఆయనకు నచ్చింది.

ఆ చలికాలమంతా కర్రలతో తాత్కాలికపు ఇళ్ళు కట్టారు, దారులు బాగుచేశారు, గోతులు పూడ్చారు. కూలి తీసుకోలేదు. పల్లెవారు మొదట అనుమానంగా చూశారు. పోనుపోను కొందరు దగ్గరయ్యారు గాని అధికారుల నుంచి అండ దొరకలేదు. జర్మన్లను పంపించేయమని ఒత్తిడి వచ్చింది. వాళ్ళు లేకపోతే ఆ పనికి అర్థమే లేదు కదా! అయిదు నెలలకే, 1921లో, శిబిరం ఎత్తేయవలసి వచ్చింది.

మన లెక్కలో ఇది ఓటమే. సెరెసోల్ మాత్రం కాచుకున్నాడు. 1924లో స్విట్జర్లాండు కొండల్లో మంచుచరియ విరిగిపడ్డ చోట మళ్ళీ శిబిరం పెట్టాడు. 1927లో రైన్ నది పొంగి లీక్టెన్‌స్టైన్ పొలాలను ఒండ్రుతో కప్పేస్తే, 1928లో 700 మందికి పైగా వాలంటీర్లు వంతులవారీగా వచ్చి ఎత్తిపోశారు. క్రమంగా దీనికి అంతర్జాతీయ పౌరసేవ అన్న పేరు స్థిరపడింది. వాలంటీరు పనివల్ల కూలివాడి నోటికాడి కూడు పోకూడదన్నది వారి నియమాల్లో ముఖ్యమైనది. ఎవరూ డబ్బిచ్చి చేయించని పనే వారు చేపట్టాలి.

లోపాలు లేవని కాదు. తొలి శిబిరాల్లో స్త్రీలను వంటకీ బట్టలుతకడానికీ పరిమితం చేశారు. వాళ్ళ చేతికి పార రావడానికి కాలం పట్టింది.

1934 జనవరి 15న బీహారులో మహాభూకంపం వచ్చింది. 10,000 మందికి పైగా మరణించారు. యాభై దాటిన సెరెసోల్ ఓడెక్కి వచ్చాడు. గాంధీజీని కలిశాడు, బాబూ రాజేంద్రప్రసాద్ నడిపిన సహాయ సంఘంతో కలిసి పనిచేశాడు. భూమి కుంగిన చోట్ల ఊళ్ళు వరద పాలవుతున్నాయి గనక ముజఫర్‌పూర్ ప్రాంతంలో మెరక మీద కొత్త ఊళ్ళు కట్టే పనికి పూనుకున్నారు. వాటిలో ఒకదాని పేరు శాంతిపూర్. 1934 నుంచి 1937 లోపల ఆయన పలుమార్లు వచ్చి మన ఎండల్లో మన మట్టి మోశాడు. తెల్లదొర అంటే గుర్రమెక్కి హుకుం జారీచేసేవాడేనని ఎరిగిన రైతులు, చదువుకున్నవాడు పలుగు పట్టడం నామోషీ అనుకునే మన బాబులూ ఆయన్ని చూసి ఏమనుకుని ఉంటారో ఊహించుకోండి!

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆయన అనుమతి లేకుండా సరిహద్దు దాటి హిట్లరు జర్మనీలోకి నడిచిపోయాడు, ఆ ప్రజలతో శాంతి గురించి చెబుదామని. వాళ్ళు పట్టుకుని వెనక్కి పంపితే స్వదేశంలోనూ జైలే దక్కింది. దాన్ని సాహసమనాలో పిచ్చి అనాలో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. యుద్ధం ముగిసిన కొద్ది వారాలకే, 1945 అక్టోబరు 23న కన్నుమూశాడు. సైన్యానికి బదులు పౌరసేవ ఉండాలని ఆయన పోరాడితే, దాన్ని అనుమతించే చట్టం ఆ దేశంలో 1996లో గాని అమలుకు రాలేదు. అప్పటికి ఆయన పోయి 51 ఏళ్ళు.

ఇప్పుడు ఆ కుర్రాడి ప్రశ్నకు వస్తాను. ఎస్న్‌లో వేసిన కర్ర ఇళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తాయి? నిలిచే ఇళ్ళు కట్టడానికి ప్రభుత్వాలున్నాయి, కంట్రాక్టర్లున్నారు. కానీ కూల్చిన దేశంవాడు వచ్చి మళ్ళీ కట్టడం అన్నది ఏ ప్రభుత్వమూ కంట్రాక్టుకివ్వలేని పని. అది జరిగిందని చూసిన పల్లెవాడు తన శత్రువును మునుపటిలా ద్వేషించలేడు.

రెండోది, సెరెసోల్ తనకు తోచిన చోట కాక అవసరమున్న చోట తవ్వాడు. మేము చేసిన తప్పు అక్కడే ఉంది. ఆ ఊరికి మళ్ళీ వెళ్ళాం. ఈసారి ముందు ఊరివాళ్ళని అడిగాం. నీళ్ళు పారే దారిలో తూము లేకుండా రోడ్డెవరు పోస్తారయ్యా అని ఒక ముసలాయన నవ్వేశాడు. ఆ మాట ఆయన మొదటి ఏడే చెప్పేవాడు, మేము అడగలేదంతే. తూము వేశాకే మట్టి పోశాం. ఊరి కుర్రాళ్ళూ తట్టలు పట్టుకుని వచ్చారు.

విద్యార్థి మిత్రులారా, సర్టిఫికెట్టు కోసం క్యాంపుకు వచ్చినా నాకు కోపం లేదు. వచ్చాక మాత్రం పార చేతపట్టుకునే ముందు ఊరివాళ్ళని ఒక్క మాట అడగండి.