అమృతాంజనం సొమ్ము

చిత్తూరులో మా అవ్వ తలగడ కింద ఎప్పుడూ అమృతాంజనం సీసా ఉండేది. తలనొప్పికీ, జలుబుకీ, మోకాళ్ల నొప్పులకీ అదే. దాని వెనకున్న మనిషి సంగతి మాత్రం నేను తిరుపతిలో యూనివర్సిటీకి వెళ్లాకగానీ తెలుసుకోలేదు. ఆయన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. మద్రాసులో చదివి, కలకత్తాలో మందుల వ్యాపారం మెళకువలు నేర్చుకుని, బొంబాయి చేరారు. 1893లో అక్కడే అమృతాంజనం మొదలుపెట్టారు. పేరు కూడా వినని మందును డబ్బిచ్చి ఎవరు కొంటారు చెప్పండి? అందుకే సంగీత కచేరీలకు వచ్చినవాళ్లకు ఊరికే పంచిపెట్టారట. ఒకసారి నుదుటికి రాసుకున్నవాళ్లు మళ్లీ అడక్కుండా ఉంటారా!

డబ్బు బాగా వచ్చింది. దాన్ని ఆయన ఎక్కడెక్కడ పెట్టారో చూస్తే ఏ షావుకారైనా తల పట్టుకుంటాడు. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక పేరుతో తెలుగు వారపత్రిక తెచ్చారు. 1914లో దాన్ని మద్రాసుకు మార్చి దినపత్రిక చేశారు. తర్వాత 1924లో భారతి, 1926లో ఆంధ్ర గ్రంథమాల. గ్రంథాలయాలకు ఇచ్చింది వేరే. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకూ వెళ్లొచ్చారు. జనం విశ్వదాత అన్నారంటే ఊరికే అనలేదు.

మన సీమవాళ్లం ఆయన్ని తలుచుకోవాల్సింది ఇంకొకందుకు. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం వస్తే చదువులు, నీళ్లు, పదవులు అన్నీ కోస్తావాళ్లకే పోతాయేమోనని ఇక్కడివాళ్లకు గుబులు. 1937 నవంబర్ 16న రెండు వైపుల పెద్దలూ మద్రాసులో పంతులుగారి ఇల్లు శ్రీబాగ్‌లో కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో సీమకు పదేళ్లపాటు ముందు హక్కు, రాజధాని, హైకోర్టుల్లో ఒకటి కోరుకునే వీలు అందులో ఉన్నాయి. ఎన్ని అమలయ్యాయన్న తగువు మన ఇళ్లల్లో ఇంకా నడుస్తూనే ఉంది. విశ్వవిద్యాలయం మటుకు 1954లో తిరుపతికి వచ్చింది. అది లేకపోతే నన్ను చదువుకని మద్రాసుకో వాల్తేరుకో పంపేవాళ్లా? పెళ్లి చేసేసి ఉండేవాళ్లు.

ఒప్పందమైన అయిదు నెలల్లోపే, 1938 ఏప్రిల్ 11న, పంతులుగారు పోయారు. పత్రిక బాధ్యత అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారి మీద పడింది.

సెలవులకు వెళ్లినప్పుడు ఇదంతా అవ్వకు చెప్పాను. సీసా మూత తిప్పుకుంటూ అంతా విని, చివరికి ఒక్కటే అడిగింది, ఆ అల్లుడు మంచోడేనా అని.