మెకిన్లీని నిలదీసిన ఐడా వెల్స్

1898 ఫిబ్రవరిలో దక్షిణ కరోలినాలోని లేక్ సిటీలో తెల్లవాళ్ల గుంపు ఫ్రేజియర్ బేకర్ ఇంటికి నిప్పంటించింది. ప్రాణభయంతో బయటికొస్తున్న కుటుంబంపై కాల్పులు జరిపింది. బేకరూ, తల్లి చేతుల్లోని పసిబిడ్డా చనిపోయారు. బేకర్ చేసిన నేరమల్లా నల్లవాడై ఉండి ఆ ఊరి పోస్టుమాస్టరు కావడమే.

షికాగో నుంచి ఐడా బి. వెల్స్ చంటి కొడుకుని వెంటబెట్టుకుని వాషింగ్టన్ వెళ్లింది. అధ్యక్షుడు మెకిన్లీని కలిసి న్యాయం అడిగింది. చనిపోయింది ఫెడరల్ ఉద్యోగి. ఇది రాష్ట్రం వ్యవహారమని తప్పుకోవడానికి వీల్లేదు. బేకర్ భార్యాపిల్లలకు పరిహారం కోసం వారాల తరబడి కాంగ్రెసు సభ్యుల చుట్టూ తిరిగింది.

ఆమెకిది కొత్త కాదు. 1862లో మిసిసిపీలో బానిసగా పుట్టింది. 16 ఏళ్లకే పచ్చజ్వరం తల్లిదండ్రులిద్దర్నీ మింగితే టీచరై తోబుట్టువుల్ని సాకింది. 1892లో మెంఫిస్‌లో ముగ్గురు నల్లవాళ్లను చంపారు. వాళ్ల కిరాణా కొట్టు తెల్ల వ్యాపారికి పోటీ అయింది! అత్యాచార ఆరోపణలు చాలాసార్లు సాకేనని రాసినందుకు ఆమె పత్రికాఫీసును ధ్వంసం చేశారు.

ఏప్రిల్‌లో స్పెయిన్‌తో యుద్ధం మొదలైంది. క్యూబన్ల బాధలకు కరిగిపోయిన కాంగ్రెసుకు లేక్ సిటీ బూడిద కనబడలేదు. ఆ ఏడాదే ఫిలిప్పీన్స్, ప్యూర్టోరికో అమెరికా చేతికొచ్చాయి. బేకర్ కేసులో జ్యూరీ ఎటూ తేల్చలేదు, ఎవరికీ శిక్ష పడలేదు.

1900లో ఆమె లెక్క తీసి చూపింది: మూకలు చంపిన చైనా, ఇటలీ పౌరులకు అమెరికా పరిహారం కట్టింది. సొంత నల్ల పౌరులకు మాత్రం పైసా లేదు.

1931లో ఆమె కన్నుమూసింది. మూకహత్యను ఫెడరల్ నేరం చేసిన చట్టం 2022లో వచ్చింది.