థేమ్స్ ఒడ్డుకు దారి వేసినాయన

లండన్ అనగానే మీకు బిగ్‌బెన్ గడియారమో, రాణిగారి కోటో గుర్తొస్తుంది కదా! నాకు మాత్రం మురుగు కాలువల ఇంజనీరు ఒకాయన గుర్తొస్తారు. నవ్వకండి. ఆయన పేరు జోసెఫ్ బాజల్జెట్. పిల్లాడికి నీళ్ల విరేచనాలు పట్టుకుంటే గుండెలు గుప్పెట్లో పెట్టుకునే మనబోటి తల్లులకు తెలియాల్సిన మనిషి.

1819లో లండన్ దగ్గర ఎన్‌ఫీల్డ్‌లో పుట్టారు. పూర్వీకులది ఫ్రాన్స్. మనిషి పొట్టి, ఆరోగ్యం అంతంతమాత్రం. ఇరవై ఆరో ఏట మరియాను పెళ్లాడారు. వాళ్లకు పదకొండు మంది పిల్లలు. ఆయన భూమి కింద కాలువలు తవ్విస్తుంటే ఇంట్లో పదకొండు మందినీ సాకడం తక్కువ పనేం కాదు, నన్నడిగితే. అప్పట్లో ఊరంతా రైళ్ల పిచ్చి. ఈయనా తిండీ నిద్రా మాని ఆ లెక్కల్లో పడి, ఇంకా ముప్ఫై ఏళ్లయినా నిండకుండానే మంచాన పడ్డారు. కోలుకుని 1849లో మురుగు కాలువల కమిషన్‌లో చేరి, 1856కల్లా నగర బోర్డుకు చీఫ్ ఇంజనీరయ్యారు.

ఆ రోజుల్లో లండన్ మురుగంతా నేరుగా థేమ్స్‌లోకే. చాలామంది తాగేదీ ఆ నీళ్లే. 1848-49లో వచ్చిన కలరాకు ఆ ఒక్క నగరంలోనే 14 వేల మందికి పైగా పోయారు. మన తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లు గత్తర అని భయంగా చెప్పుకునే జబ్బే. అయినా పెద్దల సభ కదల్లేదు. 1858 వేసవిలో నది కంపు పార్లమెంటు లోపలికే వచ్చేసింది. కిటికీ తెరల్ని బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో తడిపి కట్టినా ఆగలేదు. పేదవాడలు ఖాళీ అయినప్పుడు దొరకని డబ్బు, తమ ముక్కుకు తగిలేసరికి ఎంత తొందరగా దొరికిందో చూడండి!

బాజల్జెట్ ప్లాను ఏమిటంటే, మురుగు నదిలో పడకముందే అడ్డంగా పట్టుకుని, ఊరు దాటించి తూర్పున వదలడం. అందుకు 82 మైళ్ల పెద్ద కాలువలు కట్టాలి. చిక్కంతా నదికి దగ్గరగా వెళ్లే కాలువతో వచ్చింది. అది స్ట్రాండ్, ఫ్లీట్ స్ట్రీట్ కింద పోవాలి. పార్లమెంటు వైపు నుంచి వ్యాపారపేటకు వెళ్లే బళ్లన్నీ కిక్కిరిసే దారులవి. తవ్వితే ఊరే స్తంభించిపోతుంది. ఒడ్డున చూస్తేనేమో బొగ్గు రేవులు, గోదాములు, పడవలవాళ్లు, ఆటుపోట్లకు తేలే బురద. మామూలు మనిషి నది పక్కన నాలుగడుగులు వేయడానికి వీల్లేదు.

ఒక్క కట్టడంతో అన్నీ తేల్చేశారాయన. నదిలోకి జరిగి రాతి గోడ కట్టించారు. గోడ వెనక కాలువ. దాని మీద గ్యాసు, నీళ్ల గొట్టాలకు మనిషి నడిచేంత సొరంగం. ఇటుపక్క భూగర్భ రైలు. పైన 100 అడుగుల రోడ్డు, నడిచేవాళ్లకు వెడల్పాటి బాట, పడవలెక్కడానికి మెట్లు. కొత్త రోడ్డు వేసిన వారానికే నీళ్లవాళ్లొకసారి, టెలిఫోనువాళ్లొకసారి తవ్విపోసే మన వీధుల్ని చూసి విసిగిపోయిన నాకు, ఆ గొట్టాల సొరంగం సంగతి చదివితే అసూయే వేసింది.

అనుకున్నంత సులువుగా జరగలేదు లెండి. రేవుల యజమానులు నష్టపరిహారం కోసం పట్టుబట్టారు. రైలు కంపెనీ దగ్గర డబ్బుల్లేక పని సాగింది. 1864లో మొదలైన విక్టోరియా ఎంబాంక్‌మెంట్ 1870 జూలైలో గానీ తెరుచుకోలేదు. నది నుంచి వచ్చిన నేలలో కొంత మీద ప్రభుత్వం మేడలు కట్టాలని చూసింది. జనం ఊరుకోలేదు. ఇప్పుడక్కడ తోటలున్నాయి.

1866లో మళ్లీ కలరా వచ్చింది. ఎక్కువగా పోయింది తూర్పు లండన్ పేదలే. కొత్త కాలువలు ఇంకా పూర్తికానిది ఆ వైపే. ఆ తర్వాత లండన్‌లో కలరా అలా విరుచుకుపడలేదు. చిత్రమేమిటంటే, జబ్బు దుర్వాసన వల్లే వస్తుందని నమ్మిన కాలంలో కట్టిన కాలువలివి. కారణం నీళ్లేనని చెప్పిన డాక్టర్ జాన్ స్నో ఆ కంపు వేసవిలోనే కన్నుమూశారు.

అన్నీ మెచ్చుకోదగ్గవేనా అంటే, కాదు. మురుగును శుద్ధి చేయకుండా ఊరి దిగువన వదిలేశారు. 1878 సెప్టెంబరులో ప్రిన్సెస్ ఆలిస్ అనే విహార నౌక సరిగ్గా ఆ ప్రాంతంలోనే వేరే ఓడ గుద్దుకుని మునిగింది. షికారుకెళ్లిన 600 మందికి పైగా, తల్లులూ పిల్లలూ, ఆ మురికి నీళ్లలో ప్రాణాలు వదిలారు. ఆ తర్వాత పదేళ్లలో మడ్డిని వేరుచేసి ఓడల్లో సముద్రానికి తరలించడం మొదలైంది.

బాజల్జెట్ 1889లో రిటైరై, 1891లో పోయారు. ఆయన కాలువలు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. జనం పెరిగి చాలకపోవడంతో తోడుగా కట్టిన కొత్త సొరంగం 2025లో పూర్తిగా వాడుకలోకొచ్చింది. రోడ్డు మీద 2016 నుంచి సైకిళ్లకు విడిగా దారుంది.

ఇంకొక్కటి చెప్పాలి. 1911 జూన్ 17న ఓటు హక్కు కోసం దాదాపు 40 వేల మంది ఆడవాళ్లు లండన్‌లో ఊరేగింపు తీశారు. అంతమంది బారులు తీరడానికి చోటు కావాలి కదా! వాళ్లు బయల్దేరింది ఈ నది ఒడ్డు రోడ్డు మీదనుంచే. వాళ్లలో చీరలు కట్టుకున్న మన భారతీయ స్త్రీలూ ఉన్నారు.