మార్లవాయి ఆచార్యుడు హైమన్‌డార్ఫ్

కుమ్రం భీము ఆసిఫాబాదు జిల్లా జైనూరు మండలమున మార్లవాయి యను చిన్న గోండు గూడెము కలదు. ఏటేట జనవరి 11వ తేదీన చుట్టుప్రక్కల గూడెముల ప్రజలు అచ్చట చేరి, రెండు సమాధులకు తమ ఆచారము ప్రకారము పూజ సల్పుదురు. అందొకటి ఆస్ట్రియా దేశమున పుట్టిన మానవశాస్త్రాచార్యులు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ గారిది. రెండవది ఆయన ధర్మపత్ని బెట్టీ ఎలిజబెత్ గారిది. జనవరి 11 ఆమె కన్నుమూసిన దినము. పూజకు వచ్చువారిలో ఆచార్యుల గ్రంథములు చదివినవారు బహుకొలది. వారి తాతతండ్రులు ఆయనను మరువకుండుటకు కారణము పుస్తకములు కావు, భూమి పట్టాలు.

హైమన్‌డార్ఫ్ గారు 1909లో వియన్నా నగరమున ఒక ప్రభువంశమున జన్మించిరి. ఆ నగర విశ్వవిద్యాలయముననే మానవశాస్త్ర మభ్యసించి, అస్సాము, బర్మా సరిహద్దు కొండజాతులను గూర్చి పరిశోధన మొనర్చి డాక్టరు పట్టము పొందిరి. విచిత్రమేమన, అప్పటికాయన ఆ కొండలను కన్నులార చూచియుండలేదు. తెలిసినదంతయు పుస్తకములలో చదివినదే. ఆ కొరత తీర్చుకొనుటకై లండను వెళ్లి, ప్రజల నడుమ నివసించి వారి భాషలోనే వారిని తెలిసికొనవలెనను పద్ధతిని మలినోవ్‌స్కీ ఆచార్యుల సన్నిధిని గ్రహించిరి. 1936లో నాగా కొండలకు వచ్చి కొన్యాక్ నాగాల మధ్య ఒక సంవత్సరకాలము గడపిరి. 1938లో వివాహమాడి, మరుసటి యేడు సతీసమేతముగ మరల భారతదేశమునకు వచ్చిరి.

అంతలో ప్రపంచ యుద్ధము ముంచుకొని వచ్చెను. 1938లోనే ఆస్ట్రియాను జర్మనీ కబళించియుండుటచే ఆచార్యుల చేతనున్నది జర్మను పాసుపోర్టు. బ్రిటిషు ప్రభుత్వము దృష్టిలో ఆయన శత్రుదేశీయుడు. నాగా కొండలకు పోవు దారి మూసికొనిపోయెను. నిజాము రాజ్యపు టెల్లలు దాటరాదను కట్టడితో ఆయన హైదరాబాదు సంస్థానమున నిలువవలసి వచ్చెను. తెలుగుసీమ అడవులకు ఆయనను తెచ్చినది ఈ నిర్బంధమే కాని, ముందుగా వేసికొన్న ప్రణాళిక కాదు.

1940లో నల్లమల యందలి అమరాబాదు పీఠభూమిపై చెంచుల పెంటలలో బస చేసి, దుంపలు, తేనె, వేటలపై ఆధారపడు వారి జీవితమును పరిశీలించిరి. పిమ్మట గోదావరి తీరపు కొండలలో కొండరెడ్ల నడుమ వసించిరి. అచ్చట ఆయన చూచినది పోడు వ్యవసాయము, పండుగలు మాత్రమే కాదు. కలప, వెదురు కంట్రాక్టర్ల చేతులలో చిక్కి, తీరని అప్పులతో కొట్టుమిట్టాడు కుటుంబములను చూచిరి. శాస్త్రజ్ఞుడు చూచినది వ్రాసికొని పోవుటతో సరిపుచ్చుకొనవచ్చును. ఆయన అట్లు చేయక ప్రభుత్వమునకు నివేదికలు పంపసాగిరి.

ఆ 1940లోనే ఆదిలాబాదు అడవులలో పెద్ద కల్లోలము జరిగెను. భూమికై, అడవికై ఎదురు తిరిగిన గోండు వీరుడు కుమ్రం భీము జోడేఘాటు కొండలపై పోలీసు తుపాకులకు అనుచరులతో సహా బలియయ్యెను. తిరుగుబాటు అణగినది గాని దాని కారణమేమో పాలకులకు అంతుపట్టలేదు. ఆ విషయమును పరిశీలించు పని హైమన్‌డార్ఫ్ గారిపై పడినది.

ఆయన మార్లవాయిలో వెదురు తడికల యింట కాపురము పెట్టి, గోండీ భాష నేర్చి, గోత్ర కథలను కిక్రీ వాయించుచు గానము చేయు ప్రధానులను చేరబిలిచి, నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల శాఖలుగ గోండు సమాజ మెట్లు ఏర్పడియున్నదో వ్రాసికొనిరి. భూమి సంగతియు అట్లే తెలిసికొనిరి. గోండు రైతు తేలిక నేలను కొన్నియేండ్లు దున్ని, దానికి బలము వచ్చుటకై బీడు విడిచి, వేరొక చెలక దున్నును. బీడుగా నున్నది విడిచిపెట్టిన నేల కాదు, విశ్రాంతి తీసికొనుచున్న నేల. ఈ మర్మము తెలియని అధికారులు బీళ్లను రక్షితారణ్యములో కలిపివేసిరి. మిగిలిన మంచి నేలలకు, కచేరీల దారి తెలిసిన బయటివారు పట్టాలు వ్రాయించుకొనిరి. తరతరములుగ దున్నిన రైతు తన పొలముననే అక్రమ ప్రవేశకుడై, అటవీ బంట్రోతునకు మామూళ్లు చెల్లించు స్థితికి దిగజారెను. తిరుగుబాటునకు మూల మిదియే యని ఆచార్యులు తేల్చి చెప్పిరి.

ఆయన అదృష్టమో, గోండుల అదృష్టమో గాని, ఆ కాలమున హైదరాబాదు రెవెన్యూ వ్యవహారములు గ్రిగ్సన్ దొర చేతిలో నుండెను. బస్తరు మాడియా గోండులను గూర్చి స్వయముగ గ్రంథము వ్రాసిన ఆ అధికారికి ఈ నివేదికలు చెవికెక్కినవి. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ మారంభమైనది. గోండీ వాచకములు నాగర లిపిలో అచ్చయ్యెను. బడి ముఖ మెరుగని గూడెముల యువకులే పంతుళ్లై తమ పిల్లలకు తమ మాటలో చదువు చెప్పిరి. ఆచార్యులు గిరిజన విషయములలో ప్రభుత్వ సలహాదారుగను, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగను నియుక్తులైరి. 1946లో గిరిజన ప్రాంతముల రక్షణకై ప్రత్యేక శాసనము వెలువడెను. సేతుమాధవరావు గారి వంటి అధికారులు శ్రమించుటచే 1949 నాటికి సుమారు 1,60,000 ఎకరములు గిరిజనుల పేర పట్టా అయ్యెను. గోండుల నాగోబా జాతర జరుగు కేస్లాపూర్‌లో అధికారులు ప్రజల మొరలు వినునట్టి దర్బారు ఏర్పడినదియు ఆ దినములలోనే.

ఇందొక ముల్లు లేకపోలేదు. భీమును కాల్చిన ప్రభుత్వము ఏదియో ఆచార్యులు కొలిచినదియు ఆ ప్రభుత్వమునే. మేలు పైనుండి దిగినది. దయగల అధికారి యున్నంతవరకు నిలిచినది. పట్టా కాగితము గోండు చేతికి వచ్చినను కచేరీపై అధికారము రాలేదు. కొండజాతులను కదలకుండ పురావస్తువులవలె దాచదలచె నను నింద మాత్రము ఆయనకు తగదు. బడి, పట్టా రెండును ఇచ్చినవాడు దాచినవా డెట్లగును?

1949 తరువాత ఆయన లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా విద్యాలయమున చేరి, 1951లో ఆచార్యపీఠ మధిష్ఠించి, 1976లో విశ్రాంతి పొందువరకు అచ్చటనే పనిచేసిరి. 1953 మొదలు నేపాలున పెక్కుమారులు సంచరించి, షేర్పాలను గూర్చి ప్రామాణిక గ్రంథము వెలువరించిరి. ఆయన తీసిన ఛాయాచిత్రములు, చలనచిత్రములు ఆ విద్యాలయమున భద్రముగ నున్నవి. ఈ ప్రయాణములన్నిట బెట్టీ గారు వెంట నుండిరి. ఆమెకు మానవశాస్త్ర పట్టము లేదు గాని, స్త్రీల మాటలు విని వ్రాసికొనుటయందును, శిబిరపు భారము వహించుటయందును ఆమె లేనిచో ఆ గ్రంథములలో సగము పుట్టియుండెడివి కావు. గ్రంథముల ముఖపత్రములపై మాత్రము పెక్కింట ఆయన పేరొక్కటే కలదు.

విశ్రాంత జీవితమును పలువు రింటి తోటలో గడపుదురు. హైమన్‌డార్ఫ్ గారు మరల ఆదిలాబాదు వచ్చిరి. దారులు పడియుండెను. ఆ దారుల వెంట వర్తకులు, వలస రైతులు వచ్చియుండిరి. తాము నిలబడి ఇప్పించిన భూములు అప్పుల క్రింద, కౌళ్ల క్రింద, మాయమాటల క్రింద పరుల వశమై యుండుట ఆయన కనులార చూచిరి. గోండీ వాచకములు బడులనుండి ఏనాడో తప్పుకొనినవి. డెబ్బదియేండ్లకు చేరువైన ఆచార్యులు ఊరూర తిరిగి, ఎవరి భూమి ఎవరి చేతికి పోయినదో విచారించి వ్రాసికొనిరి. 1979లో ఆంధ్రప్రదేశ్ గోండులను గూర్చియు, 1982లో భారత గిరిజనుల బ్రతుకు పోరాటమును గూర్చియు వెలువడిన గ్రంథములు దాని ఫలములు. ఆ రెంటి నడుమనే, 1981 ఏప్రిల్ 20న, కేస్లాపూర్‌కు చేరువ నున్న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులకు గోండులు మరల నేల కొరిగిరి. మొర అదియే. నలుబది యేండ్లు గడచినను మారలేదు.

1987లో బెట్టీ గారు హైదరాబాదున మరణింపగా ఆమెను మార్లవాయికే తెచ్చి సమాధి చేసిరి. ఆచార్యులు 1995 జూన్‌లో లండనున పరమపదించిరి. తరువాత ఆయన భౌతికావశేషములును మార్లవాయి చేరి, భార్య ప్రక్కనే విశ్రమించినవి.

పుష్య బహుళ అమావాస్యకు మెస్రం వంశీయులు నాగోబాకు పూజ లొనర్చిన పిమ్మట కేస్లాపూర్ దర్బారు నేటికిని జరుగుచున్నది. జిల్లా అధికారులు వత్తురు. గోండులు వరుసగ నిలిచి అర్జీలు సమర్పింతురు. వానిలో భూమి అర్జీలు నేటికిని ఉన్నవి.